తులసి పొగాకుకు మేం పెట్టిన పరీక్ష

ఒక అబద్ధాన్ని అబద్ధమని పద్ధతిగా, సాక్ష్యంతో, నలుగురి ముందు రుజువు చేసి చప్పట్లు కొట్టించుకున్నాక, ఆ చప్పట్ల మధ్య ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. గెలిచినవాడికి అంత తీరిక ఉండదు. మాకూ లేకపోయింది. మా చర్చావేదిక గెలిచిన వాదనలన్నిటిలోకీ పకడ్బందీగా గెలిచింది ఒక పైపు పొగాకు పొట్లం మీద. దాని సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయవద్దని మాత్రం ఇద్దరు ముగ్గురు అన్నారు. మన పరువు పోతుందట. పోనివ్వండి.

అమీర్‌పేటలో ప్రతి గోడా జావా నేర్పుతానని, ప్రతి మెట్లదారీ ఒరాకిల్ దగ్గరికి తీసుకుపోతానని అరుస్తున్న రోజులవి. ప్లాస్టిక్ ఫైళ్లు చంకలో పెట్టుకుని పిల్లలు బస్సుల్లోంచి దిగుతూనే ఉండేవారు. వాళ్ల వేళ్లకు రాళ్ల ఉంగరాలు. వాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకునే కంపెనీల గుమ్మాలకు నిమ్మకాయలు, మిరపకాయలు. దసరాకు సర్వర్లకు పసుపు, కుంకుమ. ప్రపంచంలోకెల్లా కొత్త యంత్రం ముందు ప్రపంచంలోకెల్లా పాత భయం చేతులు కట్టుకుని నిలబడితే, ఆ దృశ్యం చూసి నవ్వాలో ఏడవాలో తెలియక మేం కొందరం మధురానగర్‌లో ఆదివారం సాయంత్రాలు కూర్చుని వాదించుకునేవాళ్లం.

కూర్చునేది మాస్టారి ఇంట్లో. ఆయన గుంటూరు వైపు మనిషి, కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మేడ మీద ఆడపిల్లల హాస్టల్‌కు అద్దెకిచ్చి, కింది హాలులో చర్చావేదిక నడిపేవారు. అందరూ మాస్టారు అనేవారు. నేను మాత్రం మా తెలంగాణ అలవాటు కొద్దీ సార్ అనేవాణ్ణి. ఆయన భార్యను అక్కా అని పిలిచేవాణ్ణి. హాలులో ట్యూషన్ల కాలం నాటి నల్లబల్ల ఒకటి ఉండేది. దాని మీద ఆ వారం ప్రతిపాదన రాసేవారు. సమర్థించేవారు కుడివైపు, వ్యతిరేకించేవారు ఎడమవైపు. ప్రతి ఒక్కరికీ ఇంత సమయమని ఉండేది. అధ్యక్షుడు మాస్టారే.

వేదికకు ఒకటే కఠినమైన నియమం: వ్యక్తిగత ప్రస్తావన నిషేధం. దాన్ని చులకనగా చూడకండి, దాని వెనక రక్తం ఉంది. మాస్టారు కుర్రవాడిగా ఊళ్లలో సభలు పెట్టినప్పుడు, అవతలివాళ్లు ఆయన వాదనకు జవాబు చెప్పేవారు కారు. నీ కులమేంటి, నీ పెళ్లాం ఏ కులం, మీ అమ్మ గుడికి వెళ్తుందా లేదా అని అడిగేవారు. వాదన వదిలేసి మనిషిని కొట్టేవారు. అందుకని ఆయన పెట్టుకున్న నియమం అది. మనిషి జోలికి పోయినవాడు ఆ పూట నోరు మూసుకుని కూర్చోవాలి. నేను ఆ నియమాన్ని ప్రేమించాను. నన్నూ ఎన్నో చోట్ల మనిషిగా కొట్టారు కనుక.

ఇక పైపు. మాలో ముగ్గురం పైపు కాల్చేవాళ్లం. మాస్టారు, నేను, బ్యాంకులో ఆఫీసరుగా ఉన్న ఒక మిత్రుడు. వాదనలో పైపుకు ఒక సౌకర్యం ఉంది. జవాబు తోచనప్పుడు దాన్ని నింపుకోవచ్చు, నొక్కుకోవచ్చు, మళ్లీ వెలిగించుకోవచ్చు. అవతలివాడు మనం ఆలోచిస్తున్నామనుకుంటాడు. తాయెత్తు కట్టుకున్నవాణ్ణి చూసి నవ్వే మేం, నోట్లో ఆ కొయ్య ముక్క లేకపోతే తెలివి తక్కువైనట్టు ఎందుకు తడబడేవాళ్లమో ఏనాడూ ప్రతిపాదనగా పెట్టుకోలేదు.

పొగాకు తెచ్చుకునేది పంజాగుట్టలో ఒక పాత దుకాణం నుంచి. తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన దుకాణం. కొడుకును మేం భాయ్ అనేవాళ్లం. ఆకు తెప్పించి, తడి సరిచూసి, సన్నగా తరిగి, తన చేత్తోనే కలిపి అమ్మేవాడు. సాఫ్ట్‌వేర్ బూమ్ వచ్చాక అతని బేరం మారింది. కొత్తగా టీమ్ లీడర్లయిన కుర్రాళ్లు అమెరికా నుంచి వచ్చిన మేనేజర్లను చూసి పైపులు కొంటున్నారు. వాళ్లకు పాత ఘాటు నచ్చదు. ఒక శనివారం నేనూ మాస్టారూ దుకాణం మెట్లెక్కగానే భాయ్ ఒక పొట్లం పైకెత్తి చూపించాడు.

"ఆవో సార్, ఆవో. గిది జర చూడుండ్రి. కొత్త మాల్."

"ఏంటి భాయ్, మీ నాన్నగారి మిశ్రమానికి నీళ్లొదిలేశారా?" అన్నారు మాస్టారు.

"అరె, లేదు సార్. అబ్బాజాన్‌ది గట్లనే ఉన్నది. గిది సాఫ్ట్‌వేర్ పిలగాండ్ల కోసం. వర్జీనియా ఆకు, జర బర్లీ ఆకు, దాంట్ల తులసి, అతిమధురం, లవంగం. గొంతుకు మస్తు ఆరాం."

"దేనికి?"

"గొంతుకు సార్. కాల్ సెంటరోళ్లు పొద్దస్తమానం ఫోన్ల మాట్లాడుతరు కదా, గొంతు కూసుంటది. గిది రెండు దమ్ములు కొడితే సాఫ్. మీ గొంతు సుత మంచిగ లేదు, తీస్కపోండ్రి."

పొట్లం మీద తులసి కొమ్మ బొమ్మ, దాని కింద 'గొంతుకు హాయి' అని అచ్చువేసి ఉంది. మాస్టారి కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. విభూది రాల్చే బాబా ఊళ్లోకి వచ్చాడని విన్నప్పుడు మెరిసే మెరుపు. ఇన్నాళ్లూ పరాయి ఇళ్లలో మూఢనమ్మకాలు వెతికాం, ఇప్పుడది మా పైపు గిన్నెలోకే నడిచి వచ్చింది.

భాయ్ అన్న ముక్క నిజం. ఆ ఏడాది ఎండలు ముదరక ముందు నుంచే మాస్టారి గొంతు జీరబోయింది. పంజాగుట్ట రోడ్డంతా తవ్వి పెట్టారు, దుమ్ము వల్లనే అని ఆయనన్నారు. దుమ్మే అని మేమూ అన్నాం. ఆ రోజుల్లో హైదరాబాదులో దుమ్ము మీదికి తోయలేని తప్పంటూ ఏదీ లేదు.

మరుసటి ఆదివారం కొత్త మిశ్రమానికి తీర్పు చెప్పడానికి కూర్చున్నాం. భాయ్‌ని కూడా పిలిచాం. మాస్టారి తండ్రి పొగాకు రైతు. పొగాకును వేడికి పండబెట్టే బ్యారన్ కొట్టంలో ఆకు పచ్చన నుంచి పసుపుకు తిరుగుతుంటే రాత్రంతా నిప్పు చూస్తూ పెరిగిన మనిషి ఈయన. పొట్లం విప్పి స్టీలు పళ్లెంలో పోశారు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నొక్కి వదిలారు. మెల్లగా విచ్చుకుంది. "తడి సరిగ్గా ఉంది," అన్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. గిన్నెలో అడుగున వదులుగా, పైన కొంచెం బిగువుగా దట్టించారు. మొదటి అగ్గిపుల్లకు ఆకు పైకి ఉబికింది. దాన్ని అదిమి, రెండోసారి వెలిగించి, తొందర లేకుండా చిన్న చిన్న దమ్ములు లాగడం మొదలుపెట్టారు. పొగ గొంతులోకి మింగకూడదు, నోట్లోనే తిప్పి వదలాలి. గిన్నె వేడెక్కితే రుచి చచ్చిపోతుంది, నాలుక మండుతుంది.

"ఆకు మా వైపుదే," అన్నారు. "నిప్పు మీద సరిగ్గా పండించిన వర్జీనియా. బ్యారన్ తలుపు తీయగానే కొట్టే తీపి వాసన ఇది. బర్లీ కూడా ఎంత కావాలో అంతే పడింది. చెయ్యి తిరిగిన పనే భాయ్."

"షుక్రియా సార్."

"ఆగండి. ఇప్పుడు లవంగం వచ్చింది. నాలుక మొద్దుబారుతోంది. మొద్దుబారితే హాయిగానే ఉంటుంది మరి. పళ్ల డాక్టరు సూది వేసినా అంతే."

బ్యాంకు మిత్రుడు తన పైపు తీసి చూసుకున్నాడు. "నాకైతే దగ్గు మందు సీసా మూత తీసినట్టుంది మాస్టారూ. పొగ తాగుతున్నానో, జలుబుకు మందు తాగుతున్నానో తెలియట్లేదు."

"అతిమధురం మహిమ," అన్నారు మాస్టారు. సగం గిన్నె దాటాక ఆయన ముఖం చిట్లించారు. "ఇదిగో, తులసి వచ్చింది. కాలిన తులసి, కాలిన చింతాకు ఒకటే. పెరట్లో చెత్త తగలబెట్టినట్టుంది. అడుగున తడి చేరి గురగురలాడుతోంది కూడా. భాయ్, ఆకుకు నూటికి ఎనభై. తులసికి సున్నా. పొట్లం మీద రాతకు సున్నా కంటే తక్కువ."

భాయ్ నొచ్చుకోలేదు. నవ్వాడు. "రుచి మీ ఇష్టం సార్. గొంతు సంగతి మాత్రం పక్కా. మీరే చూడుండ్రి. మీ గొంతు ఠీక్ అయితే పొట్లం మీద మీ ఫోటో ఏస్త."

"తులసి కొమ్మ పక్కన నాస్తికుడి ఫోటోనా?" అన్నాడు బ్యాంకు మిత్రుడు. హాలంతా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లి రాశారు: 'ప్రతిపాదన: ఈ మిశ్రమం గొంతుకు మేలు చేస్తుంది.' మాటలతో తేల్చేది కాదు, పరీక్ష పెడదామన్నారు. పరీక్షకు జబ్బు గొంతు ఒకటి కావాలి. ఎక్కడికో పోనక్కరలేదు, తన గొంతే ఉంది. వానలు పడేదాకా ఈ పొగాకు తప్ప ఇంకొకటి ముట్టను. ప్రతి ఆదివారం అందరి ముందూ ఒకే పేరా చదువుతాను. జీర తగ్గితే భాయ్ గెలిచినట్టు, తగ్గకపోతే ఓడినట్టు అన్నారు. భాయ్ సమర్థించే వైపు కుర్చీలో కూర్చుని, "డన్ సార్," అన్నాడు.

ఎంత అందంగా ఉందో చూడండి. ఊహ లేదు, ఊకదంపుడు లేదు. తన శరీరాన్నే సాక్ష్యంగా పెట్టే నిజాయితీ. ఆ సాయంత్రం ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇంత అంతా కాదు. ఆ గౌరవమే నన్ను ఇవాళ కాల్చుకు తింటోంది.

ఆదివారాలు గడిచాయి. మాస్టారు పేరా చదివేవారు. మేం కళ్లు మూసుకుని, సంగీతం వినేవాళ్లలా తలలు వంచి వినేవాళ్లం. చదవడం అయ్యాక ఒక్కొక్కరం మా అభిప్రాయం చెప్పేవాళ్లం. బ్యాంకు మిత్రుడు బల్ల మీద రాసేవాడు: మార్పు లేదు. ఇంకో వారం: మార్పు లేదు. ఆ మాట రాసేటప్పుడు సుద్దముక్క ఎంత హుషారుగా కదిలేదో! భాయ్ వంక చూసి కనుబొమలు ఎగరేసేవాళ్లం. భాయ్ తల గోక్కుని, "ఇంక జర టైమ్ ఇయ్యుండ్రి," అనేవాడు. తర్వాత ఒక వారం మార్పు వచ్చింది, గొంతు ఇంకా దిగింది. ఆ రోజు మా ఆనందం చెప్పనలవి కాదు. మేలు లేకపోగా కీడు! ప్రతిపాదన కూలిపోతోంది!

టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్క అది విని లోపలికి వచ్చింది.

"ఏంటండీ మీ సంబరం? గొంతు పోతుంటే సంబరమేంటి?"

"గొంతు గురించి కాదే, ప్రతిపాదన గురించి," అన్నారు మాస్టారు.

"ప్రతిపాదన అన్నం మింగేటప్పుడు నొప్పెడుతుందా? మీకు నొప్పెడుతోంది. రాత్రి చూశాను. చారన్నం తప్ప ముట్టలేదు. పదండి, డాక్టరుకు చూపిద్దాం."

"వ్యక్తిగత ప్రస్తావన," అన్నారు మాస్టారు, పైపుతో ఆమె వైపు చూపిస్తూ. అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు. ఆమె కప్పులు ఠక్కున బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నేను నవ్వలేదు. లేచి నిలబడ్డాను. "సార్, అక్క చెప్పేది ఒక్కసారి ఆలోచించండి. సోమాజిగూడ ఆసుపత్రి ఎంత దూరం? ఆటోల పోయి వద్దాం. నేనొస్త," అన్నాను.

ఆయన నా మీద కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ కోప్పడేవాణ్ణి. పాఠం చెప్పినట్టు చెప్పారు. "చూడు నాయనా. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తాను, ఏదో మందిస్తాడు. జీర తగ్గుతుంది. అది మందు వల్లనా, తులసి వల్లనా? భాయ్ తులసి అంటాడు. నువ్వు కాదని ఎలా చెప్తావు? పరీక్ష మధ్యలో రెండో మందు వేస్తే రెండూ చెడతాయి. ఇది నీకు నేనే నేర్పాను కదా."

అవును, ఆయనే నేర్పారు. అది తప్పూ కాదు. పంజాగుట్టలో తాయెత్తు కట్టుకుని, దాంతో పాటు డాక్టరు మందూ మింగి, తాయెత్తు వల్లే తగ్గిందని చెప్పేవాళ్లను మేం ఎన్నిసార్లు ఈ తర్కంతోనే పడగొట్టాం! దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఇంకో తర్కం లేకపోయింది. ఉన్నదల్లా భయం. భయానికి మా వేదికలో కుర్చీ లేదు. మూఢనమ్మకానికి పుట్టినిల్లు భయమే అని బల్ల మీద రాసుకున్నవాళ్లం మేం. కూర్చున్నాను.

వానలు పడ్డాయి. గడువు అయింది. మాస్టారి గొంతు గుసగుసలోకి దిగింది. ఆ గుసగుసతోనే మా చిన్న పత్రికకు రాసిన వ్యాసం చదివారు. మిశ్రమం రుచి, ఆకు నాణ్యం, పరీక్ష పద్ధతి, ఫలితం. ఎంత చక్కటి వ్యాసమో! మేం ముందుకు వంగి, చెవులు రిక్కించి విన్నాం. మేడ మీద హాస్టల్ పిల్లల పంపు చప్పుడుకు కొన్ని వాక్యాలు వినిపించనే లేదు. చివర్లో చప్పట్లు కొట్టాం. భాయ్ లేచి, "హార్ గయా సార్, ఒప్పుకుంటున్న," అని చెయ్యి కలిపాడు.

అక్క లోపలి నుంచి వచ్చి మా మధ్యలో నిలబడింది. ఈసారి ఆమె చేతుల్లో టీ లేదు.

"మందు పనిచేయలేదని తేల్చారు. సరే. జబ్బేంటో తేల్చారా?"

వ్యక్తిగత ప్రస్తావన అని అనడానికి మాస్టారికి గొంతు రాలేదు. ఆమె ఆయన చేతిలోంచి పైపు లాక్కుంది. చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పడేసింది. నా వైపు తిరిగి, "నువ్వు ఆటో పిలువు," అంది.

సోమాజిగూడ ఆసుపత్రిలో గొంతు డాక్టరు కాలేజీ పిల్లాడిలా కనిపించే కుర్రవాడు. నోరు తెరిపించి చూశాడు. సన్నటి గొట్టం ముక్కులోంచి దింపి, తెర మీద చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి అడిగాడు.

"ఈ బొంగురు ఎప్పటి నుంచి ఉందండీ?"

"ఎండాకాలం ముందు నుంచి," అంది అక్క.

"ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదా?"

మాస్టారు గుసగుసగా మొత్తం వివరించారు. మిశ్రమం, పొట్లం మీద రాత, ప్రతిపాదన, పేరా చదవడం. ఆ కుర్రవాడు మర్యాదస్తుడు, అంతా విన్నాడు.

"అంటే ఇన్నాళ్లూ పొగ తాగుతూనే ఉన్నారా?"

"ఆపితే పరీక్ష చెడిపోతుంది," అన్నారు మాస్టారు.

డాక్టరు ఆయన్ని వదిలి నా వైపు చూశాడు. వెర్రివాణ్ణి వెంటబెట్టుకొచ్చిన బంధువు వైపు చూసినట్టు చూశాడు. గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. జీర మొదలైనప్పుడే వచ్చి ఉంటే కరెంటు పెట్టి, అంటే రేడియేషన్ ఇచ్చి, స్వరపేటికను కాపాడటానికి ప్రయత్నించేవాళ్లమని, ఇప్పుడు మొత్తం తీసేయడం తప్ప దారి లేదని చెప్పాడు. వారాల తరబడి గొంతు జీరగా ఉంటే, అందులోనూ పొగ తాగేవాళ్లకు ఉంటే, ముందు దీన్నే అనుమానించాలండీ, ఇది అందరికీ తెలిసిన విషయమే కదండీ అన్నాడు. అందరికీ తెలిసిన విషయమే. ఊళ్లో ఉన్న బాబాలందరి గుట్టూ తెలిసిన మాకు తప్ప.

ఆపరేషన్ అయ్యాక భాయ్ బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "నా మాల్ తోటి అయిందా సార్? సచ్ చెప్పుండ్రి," అన్నాడు. కళ్లలో నీళ్లు. మాస్టారు కాదన్నట్టు తల ఊపారు. అది నిజం. ఆ జబ్బు ఒక్క పొట్లానిది కాదు. కాలేజీ రోజుల నుంచీ నోట్లో ఉన్న పైపుది. భాయ్ కళ్లు తుడుచుకుని వెళ్లాడు. కొద్ది రోజులకు దుకాణం ముందు నుంచి పోతూ చూశాను. 'గొంతుకు హాయి' అన్న అక్షరాలు పోయాయి. తులసి కొమ్మ ఇంకాస్త పెద్దదైంది. మా పత్రికలో వచ్చిన వ్యాసాన్ని అద్దం వెనక అతికించి ఉంచాడు. లోపల కుర్రాళ్లు బారులు తీరి ఉన్నారు. ఒకడికి భాయ్ చెబుతున్నాడు: "పేపర్ల సుత వచ్చింది అన్నా. పెద్ద పెద్ద సార్లు టేస్ట్ చేసిండ్రు. ఆకుకు ఎనభై మార్కులు." మా జీవితంలో ఒక వ్యాసం వల్ల ఏదైనా అమ్ముడుపోయిందంటే అదొక్కటే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వీధిలో కంపెనీలకు వాస్తు చెప్పే ఒకాయన ఉండేవాడు. మా వేదికలో ఒకసారి చిత్తుగా ఓడిపోయాడు. "దేవుణ్ణి తిట్టిన నోరు, దేవుడే మూయించాడు," అని టిఫిన్ బండి దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. ఇది చదివి ఆయనలాగే లోలోపల మురిసిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లతో అంటున్నాను. మురవకండి. మాస్టారి గొంతు తీసింది దేవుడు కాదు, పొగాకు. ఆయన్ని దాని నుంచి కొంతకాలమైనా బతికించింది మీ హోమం కాదు, ఆ కుర్ర డాక్టరు కత్తి. మేం పాడైంది బుద్ధిని నమ్మినందుకు కాదు. బుద్ధిని గెలవడానికి మాత్రమే వాడుకున్నందుకు. పొట్లం మీద రాతను నిలదీసిన మేం, పొట్లంలో ఉన్నదాన్ని ఒక్కసారీ నిలదీయలేదు. తులసి అబద్ధమని తేలితే మిగిలేది పొగాకే కదా, ఆ పొగాకు మాటేమిటని అడగడానికి మాకు నోరు ఖాళీ లేదు.

గొంతులో రంధ్రంతో, మెడకు తెల్ల గుడ్డ కట్టుకుని మాస్టారు మళ్లీ హాలులోకి వచ్చి కూర్చున్నారు. అధ్యక్షత బ్యాంకు మిత్రుడికి వెళ్లింది. ఆ రోజు ప్రతిపాదన ఏదో నాకు గుర్తులేదు. మాస్టారి వంతు వచ్చింది. ఆయన లేచి నిలబడి మాట్లాడారు. పెదవులు కదిలాయి, చేతులు కదిలాయి, ఎప్పటిలా చూపుడు వేలు పైకి లేచింది. శబ్దం లేదు. ఒక్కొక్క పాయింటూ వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతున్నారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేదు. అది వ్యక్తిగత ప్రస్తావన అవుతుంది కదా! అందరం తలలు ఊపాం. గడియారం చూసి బ్యాంకు మిత్రుడు మర్యాదగా అన్నాడు, "సమయం అయిందండీ మాస్టారూ." ఆయన నియమం తెలిసిన మనిషి. వాక్యం మధ్యలో ఆపి కూర్చున్నారు.

నేను లేచి ఆ నియమాన్ని తీసేయమన్నాను. ఓటింగు పెట్టారు. నియమం నెగ్గింది. దానికి చెయ్యెత్తినవాళ్లలో మాస్టారు కూడా ఉన్నారు. నేను బయటికి వచ్చేశాను. మళ్లీ ఆ హాలుకు అక్క కోసం వెళ్లానే తప్ప వాదన కోసం వెళ్లలేదు. మాస్టారు ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. జబ్బు తిరగబెట్టింది. చివరి రోజుల్లో ఒకసారి నా చెయ్యి పట్టుకుని పెదవులతో ఏదో చెప్పారు. పక్కనున్న అక్క ఆ పెదవులు చదవడం నేర్చుకుంది. "పరీక్ష మాత్రం సరిగ్గానే చేశాం అంటున్నారు," అని చెప్పి, మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను అవునన్నాను. చనిపోతున్న మనిషితో ఏం వాదిస్తాం?

బతికున్న మనిషితో కూడా వాదించకండి. నేను అడిగేది అదే. మీ ఇంట్లోనో, ఆఫీసులోనో, మీ సంఘంలోనో పొగ తాగేవాడొకడు ఉంటాడు. వారాలుగా బొంగురుగా మాట్లాడుతుంటాడు, లేకపోతే మింగడానికి ఇబ్బంది పడుతుంటాడు, నోట్లో మానని పుండును నాలుకతో తడుముకుంటుంటాడు. అతను మీకంటే తెలివైనవాడు కావచ్చు. మీకు చదువు చెప్పినవాడు కావచ్చు. దుమ్ము అంటాడు, ఏసీ గాలి అంటాడు, వచ్చే నెల చూద్దామంటాడు. అతని ప్రతి మాటా మీ మాట కంటే సబబుగా ఉంటుంది. ఉండనివ్వండి. అతన్ని గెలవనివ్వండి. గెలిచిన మనిషిని అలాగే భుజం పట్టి లేపండి, పొగాకు లాక్కుని పారేయండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మర్యాద తప్పుతుంది, తప్పనివ్వండి. స్నేహం చెడుతుంది, చెడగొట్టుకోండి. ఈ కాగితం పక్కన పడేసి ఇప్పుడే లేవండి.